నాయన ప్రింటర్ చెడిపోలేదు

మా నాయన లెక్కల మాస్టారుగా రిటైరై పదేళ్లు దాటింది. తిరుపతి కొర్లగుంటలో మా వీధి పిల్లలూ పక్క వీధి పిల్లలూ కలిపి పది పన్నెండు మంది టెన్త్ వాళ్లు ఆదివారం పొద్దున్నే మా మిద్దె మీదికొస్తారు. రేకుల కింద చాపలు పరుచుకుని కూర్చుంటే నాయన వాళ్లకు ఒక పరీక్ష పెడతాడు. డబ్బులు తీసుకోడు. ఆ ప్రశ్నపత్రం శనివారం రాత్రి తయారవుతుంది, లాప్‌టాప్‌లో టైపు చేసి, హాల్లో టీవీ పక్కన స్టూలు మీదున్న లేజర్ ప్రింటర్‌కు వైఫైలో పంపిస్తాడు, అది పన్నెండు కాపీలు తీసి పెడుతుంది. 2010లో కొన్న ప్రింటర్ అది. ఒకసారి డ్రమ్ము మార్చాం, టోనర్ నింపిస్తూ ఉన్నాం, ఇప్పటికీ అక్షరం నల్లగా, చెదరకుండా పడుతుంది.

పోయిన వేసవిలో నెట్ కనెక్షన్ మార్చాం, కొత్త ఫైబర్, కొత్త రౌటర్. ఆ రోజు నుంచి ప్రింటర్‌కు వైఫై తగలడం మానేసింది. రౌటర్ బిగించడానికొచ్చిన అబ్బాయిని నాయన అడిగితే "ఇది పాత మోడల్ సార్, దీనికి ఈ వైఫై రాదు, కొత్తది తీసేసుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు. నాయన నమ్మేశాడు. నమ్మి, రెండు శనివారాలు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని లీలామహల్ సర్కిల్ దాకా పోయి, జిరాక్స్ షాపులో నిలబడి కాపీలు తీయించుకొచ్చాడు. నాకు చెప్పలేదు, మూడో వారం అమ్మ చెప్పింది. "పాతదైపోయింది లేరా, దాన్ని ఇంకెంత కాలం లాగుతాం" అన్నాడు నేనడిగితే.

ఆఫీసుల్లో కంప్యూటర్లు, ప్రింటర్లు, నెట్‌వర్కులు చూసుకోవడమే నా పని, పన్నెండేళ్లుగా అదే చేస్తున్నాను. అందుకే ఆ మాట నాకు అంత కోపం తెప్పించింది. బాగా పనిచేస్తున్న వస్తువును పట్టుకుని పాతది, పారేయండి అని చెప్పడానికి అర నిమిషం చాలు. దానికీ రౌటర్‌కూ మధ్య ఏది కలవడం లేదో చూడడానికి పదిహేను నిమిషాలు పడుతుంది, ఆ పదిహేను నిమిషాలు ఎవరూ పెట్టడం లేదు. నేను చూసినంతలో ఇలా పక్కన పడేసిన వస్తువుల్లో చాలావరకు నిక్షేపంగా ఉన్నవే. ఇందులో ఇంకో సగం కూడా ఉంది, అది కూడా ఇంతే గట్టిగా చెప్తాను: పాత వస్తువు కోసమని ఇల్లు మొత్తానికీ వేసిన తాళాన్ని తీసేయకూడదు. ఈ రెండూ కలిపి చెప్పేవాళ్లు తక్కువ.

ముందు వైఫై తరాల సంగతి. 1999లో వచ్చిన 802.11బి అనే వైఫై ప్రమాణం వేగం సెకనుకు 11 మెగాబిట్లు. 2003లో జి వచ్చింది, 54. 2009లో ఎన్, 2013లో ఏసీ, 2021లో ఏఎక్స్. ఈ అక్షరాలు జనానికి అర్థం కావడం లేదని 2018లో వీటికి అంకెలు పెట్టారు, అందుకే ఎన్‌ను వైఫై 4 అనీ, ఏసీని వైఫై 5 అనీ, ఏఎక్స్‌ను వైఫై 6 అనీ అంటున్నాం. మన ఇళ్లలో వైఫై నడిచేది 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో తరంగాల బ్యాండుల్లో. ఇన్ని తరాలొచ్చినా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో కొత్తవి పాతవాటి భాషను మర్చిపోలేదు. వైఫై 6 రౌటర్‌కు జి వస్తువుతో మాట్లాడడం వచ్చు, సెట్టింగుల్లో ఎవరూ ఆపేయకపోతే బితో కూడా మాట్లాడగలదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేదని 2005లో నిబంధన వచ్చింది, 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగానికి 2018లో గానీ ఆ వీలు రాలేదు, కాబట్టి మన ఇళ్లలో పాతబడిన వైఫై వస్తువు ఏది తీసుకున్నా దాదాపు 2.4దే అయ్యుంటుంది. అంటే "దీనికి ఈ వైఫై రాదు" అనే మాట తరం తేడా వల్ల నిజం కాదు.

మరి ఎక్కడ తెగుతోంది? ఎక్కువసార్లు తాళం దగ్గర, అంటే బయటివాళ్లు మన వైఫైలోకి రాకుండా ఆపే భద్రతా పద్ధతి దగ్గర.

మొదటి తాళం పేరు వెప్, 1997లో వైఫైతో పాటే పుట్టింది. 2001లోనే ఫ్లూరర్, మాంటిన్, షామిర్ అనే ముగ్గురు దాని లోపలి లెక్కలో బలహీనత చూపించారు, 2007కల్లా జర్మనీ పరిశోధకులు దాన్ని ఒక్క నిమిషంలోపు తెరవొచ్చని నిరూపించారు. దాని బదులు తొందరగా తెచ్చిన మందు 2003 నాటి డబ్ల్యూపీఏ, సరైన మందు 2004 నాటి డబ్ల్యూపీఏ2. వస్తువుకు వైఫై గుర్తు, దాని సర్టిఫికెట్ కావాలంటే డబ్ల్యూపీఏ2 ఉండి తీరాలని 2006 మార్చిలో నియమం పెట్టారు. ఈ తేదీ గుర్తుపెట్టుకోదగ్గది. ఆ తర్వాత ఆ సర్టిఫికెట్ తీసుకున్న వస్తువు దేనికైనా డబ్ల్యూపీఏ2 వస్తుంది, అది ఇప్పటికీ చాలా ఇళ్లలో నడుస్తున్న తాళమే, మంచి పాస్‌వర్డు పెడితే ఇంటికి సరిపోతుంది. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది, 2020 జులై నుంచి కొత్త సర్టిఫికెట్లకు అది తప్పనిసరి అయింది.

కొత్త రౌటర్లు చాలావరకు డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన సెట్టింగుతో వస్తాయి. రెండూ ఉన్నాయి కదా, పాతది డబ్ల్యూపీఏ2 తీసుకుని లోపలికి రావాలి కదా అనుకుంటాం. కాగితం మీద అంతే. కానీ రౌటర్ తన గురించి గాల్లోకి పంపే ప్రకటనలో తమకు తెలియని మాట ఒకటి కనిపించేసరికి కొన్ని పాత వస్తువులు తికమకపడి మొత్తాన్నే వదిలేస్తాయి. మా ప్రింటర్ అదే చేసింది. పేరు చూపిస్తుంది, పాస్‌వర్డు తీసుకుంటుంది, అర నిమిషం చుక్కలు చుక్కలుగా ఆలోచిస్తుంది, తర్వాత ఎర్రర్ చూపిస్తుంది.

ఆ పాస్‌వర్డు కొట్టడం ఎలా ఉంటుందో చెప్పాలి. ప్రింటర్ మీద రెండు వరసల చిన్న తెర, దాని పక్కన పైకీ కిందికీ రెండు బాణాలు, ఒక ఓకే బటను. ఒక్కో అక్షరానికీ బాణం నొక్కుతూ చిన్న ఏ నుంచి జడ్ దాకా, అవయ్యాక పెద్ద అక్షరాలు, అవయ్యాక అంకెలు, చివర్లో గుర్తులు. కొత్త రౌటర్ అట్టముక్క మీద పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డు, మధ్యలో ఒక ఎట్ గుర్తు, చివర ఒక హ్యాష్. నాయన ఆ స్టూలు ముందు కింద కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఆ అట్టముక్కను తొడ మీద పెట్టుకుని నాలుగుసార్లు కొట్టాడట. నాలుగుసార్లూ అదే ఎర్రర్. తన వేలు ఎక్కడో తప్పు పడుతోందనుకున్నాడు. వేలు తప్పు లేదు, పాస్‌వర్డు తప్పు లేదు, అయినా తెర మీద "పాస్‌వర్డు సరిచూడండి" అనే వస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషిని తన చేతినే తను అనుమానించేలా చేసే సందేశం అది. తాళం రకం కలవలేదు అని ఒక ముక్క రాసుంటే ఆ సాయంత్రం వేరేగా ఉండేది.

నేను చేసింది పెద్ద పని కాదు. రౌటర్ సెట్టింగుల్లోకి పోయి, 2.4నూ 5నూ కలిపి ఒకే పేరు పెట్టిన ఆప్షన్ ఆపేశాను. రెంటికీ వేరు వేరు పేర్లొచ్చాయి. 5 గిగాహెర్ట్జ్ మీద డబ్ల్యూపీఏ3 కలిసిన తాళం అలాగే ఉంచి, 2.4 మీద మాత్రం డబ్ల్యూపీఏ2, దాంతో పాటు ఏఈఎస్ అనే గుప్తలిపి పద్ధతి పెట్టాను. మోడ్ బి, జి, ఎన్ మూడూ ఉండేలా, ఛానెల్ (బ్యాండులో రౌటర్ వాడుకునే దారి) వెడల్పు 20 మెగాహెర్ట్జ్, ఛానెల్ ఆటోలో కాకుండా 6 మీద స్థిరంగా. ఇంకొకటి కూడా చేశాను, అది తెలిస్తే సగం ఇబ్బంది పోతుంది: 2.4కు మా పాత రౌటర్ పేరే, పాత పాస్‌వర్డే పెట్టాను. అది పొడవైన పాస్‌వర్డే, బయటివాళ్లెవరికీ ఇచ్చింది కాదు, కాబట్టి మార్చాల్సిన అవసరం రాలేదు. ఆ పేరు, ఆ తాళం రకం, ఆ పాస్‌వర్డు మూడూ అచ్చంగా ఉంటే పాత వస్తువులు తమంతట తామే వచ్చి తగులుకుంటాయి, ఆ బాణాల జోలికి పోనక్కర్లేదు. మా ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేయగానే నీలం లైటు వెలిగింది.

వెలిగినా ప్రింటు రాలేదు! దీనికి ఇంకో ఇరవై నిమిషాలు పోయాయి. ఎప్పుడో నేనే ఆ ప్రింటర్‌కు 192.168.1.50 అని ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్కులో దాని నంబరు, చేత్తో ఇచ్చి పెట్టాను, పాత రౌటర్ 192.168.1 వరసలో ఉండేది కాబట్టి. కొత్త రౌటర్ 192.168.0 వరస ఇస్తోంది. ఇల్లు మారాం, తలుపు మీద మాత్రం పాత ఇంటి నంబరు. ప్రింటర్‌లో అడ్రసును ఆటో చేసి, రౌటర్ వైపు నుంచి ఈ ప్రింటర్‌కు ఎప్పుడూ ఇదే నంబరు ఇవ్వు అని కట్టేశాను, లాప్‌టాప్‌లో ఆ నంబరు మార్చాను. ప్రింటర్ విషయంలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు, వైఫై తగిలిందని తెలిసీ పని చేయకపోతే ఇక వస్తువే పోయిందనుకుంటారు. ఇంకో తప్పు గెస్ట్ నెట్‌వర్కులో పెట్టడం. గెస్ట్‌లో ఉన్న వస్తువు ఇంటర్నెట్ చూస్తుంది గానీ ఇంట్లో మిగతావాటిని చూడదు, దాన్ని అవీ చూడవు, అది దాని స్వభావం. ప్రింటర్ ఎవరికీ కనిపించకపోతే పెట్టి ఏం లాభం.

కెమెరాలు, వైఫై ప్లగ్గుల కథ వేరు. ఇవి పాతవి కూడా కానక్కర్లేదు, నిన్న కొన్న ప్లగ్గు కూడా 2.4 మీదే నడుస్తుంది, ఎందుకంటే ఆ చిప్పు చవక, పైగా ఆ తరంగం గోడలు దాటి దూరం పోతుంది. సెటప్ చేసేటప్పుడు ఫోను 5 మీద ఉంటే కొన్ని యాప్‌లు తికమకపడతాయి. రెండు పేర్లు విడదీస్తే చాలు. విడదీయడానికి వీల్లేని రౌటరైతే, ఫోను పట్టుకుని మిద్దె మీదికి పోవాలి. అక్కడ 5 గిగాహెర్ట్జ్ అందక ఫోను తనంతట తాను 2.4 మీదికి దిగుతుంది, కెమెరాను కూడా పైకి తీసుకుపోయి ఏదైనా ప్లగ్గులో పెట్టి అక్కడే సెటప్ చేసి కిందికి తెచ్చుకోవచ్చు. మా పక్కింటి అక్క వాళ్ల గేటు కెమెరా అలాగే పెట్టాం.

అమెరికా నుంచి వచ్చే వస్తువుల సంగతి కూడా చెప్పాలి, తిరుపతిలో ఆ వస్తువు లేని వీధి లేదు. అక్కడ 2.4లో సాధారణంగా 1 నుంచి 11 దాకా ఛానెళ్లే వాడతారు, ఇక్కడ 13 దాకా వాడొచ్చు. మన రౌటర్ ఆటోలో ఉండి 12కో 13కో పోయిందంటే, అక్కడి నుంచి తెచ్చిన పాత ఈ-బుక్ రీడరుకో టాబ్లెట్‌కో మన నెట్‌వర్కు పేరే కనిపించకపోవచ్చు. నిన్న కనిపించింది, ఈ రోజు లేదు, రేపు మళ్లీ ఉంటుంది. ఇలా వస్తూ పోతూ ఉంటే ఛానెల్‌ను 1, 6, 11లో ఒకదాని మీద నిలబెట్టండి. లాప్‌టాప్‌కు వైఫై 6 రౌటర్ పేరు అసలు కనిపించకపోతే దాని వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవర్, పాతది అయ్యుండొచ్చు, ఆ కంప్యూటర్‌ను ముందు కేబుల్‌తో నెట్‌కు కలిపి డ్రైవర్ కొత్తది వేస్తే కనిపిస్తుంది.

ఇక చిత్తూరులో మా చిన్నాయన విషయం. ఆయన తోతాపురి మామిడి వ్యాపారం చేస్తాడు, సీజన్లో దామలచెరువు మండీకీ చిత్తూరుకూ తిరుగుతూ ఉంటాడు. కట్టమంచి దగ్గర చిన్న ఆఫీసు గదిలో ఆయన లెక్కలన్నీ విండోస్ ఎక్స్‌పీ లాప్‌టాప్‌లో ఉన్నాయి, ఎవరో రాసిచ్చిన సాఫ్ట్‌వేరు, అది కొత్త విండోస్‌లో తెరుచుకోదు. ఆ లాప్‌టాప్‌కు వైఫై రావడం లేదని తెలిసిన అబ్బాయిని పిలిపించాడు. ఆ అబ్బాయి పాత రౌటర్ ఒకటి తెచ్చి, కొత్త రౌటర్‌కు కేబుల్‌తో తగిలించి, దాంట్లో వెప్ తాళం పెట్టి కలిపేశాడు. లాప్‌టాప్‌కు నెట్ వచ్చింది. చిన్నాయన సంతోషంగా ఫోన్ చేసి చెప్పాడు, "చూడప్పా, నువ్వు రాకుండానే పనైపోయింది".

నేను ఆ ఆదివారమే బస్సెక్కి పోయాను. ఎందుకంటే ఆ పాత రౌటర్ కొత్త రౌటర్‌తో ఒకే నెట్‌వర్కులో ఉంది. వెప్‌ను దాటినవాడు చిన్నాయన లాప్‌టాప్ దగ్గర ఆగడు, ఆఫీసు కెమెరాల రికార్డరు, రౌటర్ లాగిన్, రైతులకు డబ్బులు పంపే కంప్యూటర్, అన్నీ అతని ఎదురుగా ఉంటాయి. ఇంటి ముందు తలుపుకు మంచి తాళం వేసి పెరటి తలుపుకు దారం కట్టినట్టు. "ఈ మామిడికాయల లెక్కలు ఎవడిక్కావాలి అబ్బయ్యా" అన్నాడు చిన్నాయన. లెక్కలు అక్కర్లేకపోవచ్చు, ఆయన నెట్ కనెక్షన్ వాడుకుని ఎవరైనా ఏదైనా తప్పు పని చేస్తే పోలీసులు ముందు వచ్చేది ఆయన పేరు మీదికే అని చెప్పాక విన్నాడు.

ఆ లాప్‌టాప్‌లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 అనే పాత అప్‌డేట్ ఉంది. డబ్ల్యూపీఏ2 ఎక్స్‌పీలో మొదటి నుంచీ లేదు, 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 3లో ఉంది. అది వేసి, వైఫై కార్డు డ్రైవర్ మారిస్తే ఆ లాప్‌టాప్ డబ్ల్యూపీఏ2 పట్టుకునేది, వెప్ అవసరమే లేదు. కానీ నేను అది కూడా చేయలేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేసింది, దాన్ని ఇంటర్నెట్ మీద పెట్టడమే ప్రమాదం. చిన్నాయనను కూర్చోబెట్టి అడిగాను, ఈ లాప్‌టాప్‌తో నెట్‌లో ఏం చేస్తావు అని. ఏమీ లేదు. బిల్లులు ప్రింటు తీయాలి, రోజూ లెక్కలు ఒక కాపీ కొత్త కంప్యూటర్‌లోకి పోవాలి. అంతే. ప్రింటర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కే కలిపాం, కాపీకి ఒక పెన్‌డ్రైవ్. వెప్ రౌటర్ పీకేశాం. ఏ పాత వస్తువును నెట్‌కు కలపాలన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది, దీనికి నెట్ అవసరమా, లేక ఇంట్లో ఇంకో వస్తువుతో మాట్లాడితే చాలా అని. వైఫై వద్దు, నెట్ కావాలి అంటే పది మీటర్ల లాన్ కేబుల్ ఉంది. చాలా పాత లాప్‌టాప్‌లకు ఆ పోర్టు ఉంటుంది, దానికి ఏ తాళం గొడవా లేదు.

పాత వస్తువు ఒకటి వస్తే ఇల్లంతా స్లో అవుతుందని భయపెట్టేవాళ్లున్నారు, అందులో కొంత నిజం ఉంది. ఒక ఛానెల్లో ఒకసారి ఒకరే మాట్లాడగలరు. 1500 బైట్ల ఒక ప్యాకెట్టును సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పంపితే 12 మిల్లీసెకన్లు గాలిని పట్టుకుని ఉంటుంది, అదే 54 మెగాబిట్లలో పావు మిల్లీసెకను కూడా పట్టదు. కొండ మీద లడ్డూ కౌంటర్ దగ్గర ఒకాయన చిల్లర లెక్కపెడుతుంటే వెనక ఎంత చురుకైనవాడున్నా ఆగాల్సిందే కదా, అలా. కానీ వారానికి పన్నెండు పేజీలు తీసే ప్రింటర్ ఎంతసేపు మాట్లాడుతుంది? పైగా బరువైన పనులు చేసే టీవీ, ఫోన్లు 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే వాటికి ఈ వరస తగలనే తగలదు. ఇంట్లో నిజంగా బి వస్తువు ఒక్కటి కూడా లేకపోతే బిని ఆపేయండి, మంచిదే. ఉంటే మాత్రం దానికోసం ఉంచండి.

వైఫై తగిలి, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోని పాత ఫోన్లది మరో సమస్య, దానికి రౌటర్‌ను తిట్టి లాభం లేదు. 2021 సెప్టెంబర్ 30న సైటు అసలుదేనని వస్తువుకు నమ్మకం కలిగించే ఒక పెద్ద రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది, అప్పటి నుంచి చాలా పాత వస్తువుల్లో సైట్లు మొరాయించాయి. ముందు తేదీ చూడండి. లోపలి బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోయినా ఇదే జరుగుతుంది, అది సరిచేస్తే కొన్నిసార్లు చాలు.

ఇప్పుడు నన్ను అన్నింటికన్నా బాధపెట్టిన విషయం. పైన చెప్పిన మార్పులన్నీ చేయడానికి రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డు కావాలి. మా ఇంట్లో, మా గోడకు, మా కరెంటుతో నడిచే రౌటర్‌కు అడ్మిన్ పాస్‌వర్డు మాకు ఇవ్వలేదు. బిగించిన అబ్బాయిని అడిగితే ఆఫీసులో అడగమన్నాడు, ఆఫీసులో అడిగితే కస్టమర్ కేర్ అన్నారు, కస్టమర్ కేర్‌లో మూడుసార్లు మూడు కంప్లయింట్ నంబర్లు ఇచ్చారు. వారం తర్వాత ఇచ్చారు. ఇచ్చాక కూడా, రెండు నెలలకు రౌటర్ సాఫ్ట్‌వేరు దూరం నుంచి అప్‌డేట్ చేశారు, నా సెట్టింగులన్నీ పోయి మళ్లీ ఒకే పేరు, మళ్లీ కలిపిన తాళం. ఆ శనివారం నాయన ప్రింటర్ మళ్లీ మూగబోయింది. దూరం నుంచి బాగుచేసే సదుపాయం ఉండడం తప్పు కాదు, అర్ధరాత్రి లైను పోతే అదే కాపాడుతుంది. కానీ ఇంటివాళ్లు పెట్టుకున్న సెట్టింగును చెప్పకుండా తుడిచేసే హక్కు ఎవరిచ్చారు? కనెక్షన్ ఇచ్చే రోజునే అడ్మిన్ పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి. మీరు కొత్త కనెక్షన్ తీసుకుంటుంటే ఆ అబ్బాయి నిచ్చెన దిగకముందే అడగండి, ఆ తర్వాత దొరకడం కష్టం. ఇవ్వకపోతే వెయ్యి రూపాయల చుట్టూ దొరికే మామూలు రౌటర్ ఒకటి కొని వాళ్ల రౌటర్ వెనక పెట్టుకోండి, అందులో డబ్ల్యూపీఏ2 పెట్టి ప్రింటరూ దాన్ని వాడే లాప్‌టాపూ ఫోన్లూ అన్నీ దానికే కలుపుకోండి. మేం చివరికి అదే చేశాం.

తయారుచేసేవాళ్లది కూడా తప్పుంది. ఈ వస్తువుకు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామో అట్టపెట్టె మీద రాయరు. నెట్‌కు తగిలే వస్తువు అమ్మేవాళ్లు ఆ గడువు చెప్పి తీరాలని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి చట్టం ఉంది, ఇక్కడ కూడా అలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త తయారైందని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదు. మా స్టూలు మీద ప్రింటర్ పదమూడు కిలోలుంటుంది. ఒక్క డ్రాప్‌డౌన్ మెనూలో ఒక్క మాట మార్చనందుకు అది ఆ గుట్టలోకి పోయేది.

నాయన ఇప్పుడు ప్రింటర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించాడు. ఎర్ర ఇంకుతో, బోర్డు మీద రాసే అక్షరాలతో నెట్‌వర్కు పేరు, తాళం రకం, ఛానెల్ 6, ప్రింటర్ నంబరు, అడ్మిన్ పాస్‌వర్డు ఏ డైరీలో ఏ పేజీలో ఉందో. కింద తేదీ వేసి సంతకం చేశాడు. పోయిన నెల రౌటర్ లైటు ఎర్రగా మారిందని ఆఫీసు నుంచి ఇంకో అబ్బాయి వస్తే, అతన్ని ఆ కాగితం ముందు నిలబెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివించాడట. ఆ అబ్బాయి ఫోన్ తీసి దాన్ని ఫోటో తీసుకున్నాడు, "వేరే ఇళ్లలో కూడా అడుగుతున్నారు సార్" అని.